కళ్ళకద్దుకున్న అర్జీ

పోయిన ఆదివారం సాయంకాలం మా పఠనమందిరంలో ఒక సంతాపసభ జరిగింది. మా వీధిలోనే ఉంటూ, రాజమహేంద్రవరంలోని ఒక కచేరీలో చిరకాలం పెద్ద గుమాస్తాగా పనిచేసి, పింఛను పుచ్చుకొని, ఈ మధ్యనే కాలం చేసిన ఒక పెద్దమనిషి కోసం ఏర్పాటు చేసిన సభ అది. ఆయన పేరు గాని, ఆ కచేరీ పేరు గాని ఇక్కడ రాయను. ఆయన పోయారు గనుక నాకు జవాబు చెప్పలేరు. కచేరీ ఉన్నది గాని, జవాబు చెప్పే అలవాటు దానికి లేదు.

కార్యదర్శిగారు తీర్మానం చదివారు. "ఎంతటివాడు ఏమి కోరి వచ్చినా, కాదన్న మాట నోట రాని కరుణామూర్తి" అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. చదవడం ముగించి నావైపు తిరిగి, "మన అబ్బాయి కాలేజీ వాదసభల్లో పేరు తెచ్చుకున్నవాడు. పైగా పంతులుగారి వీధివాడు. నాలుగు మాటలు చెప్పి తీర్మానాన్ని బలపరుస్తాడు" అన్నారు.

నేను లేచి నిలబడి, "క్షమించాలండి. నేను బలపరచను" అన్నాను.

సభలో కలకలం పుట్టింది. వెనుక బల్ల మీదివారెవరో, "చచ్చిపోయినాయన మీద వాదనేంటయ్యా బాబూ!" అన్నారు. అధ్యక్షులు పెద్దమనిషి తరహాలో నన్ను మందలిస్తూ, "ఇష్టం లేకపోతే మాట్లాడకుండా కూర్చుంటే సరిపోయేది కదా నాయనా" అన్నారు.

మాట్లాడకుండా కూర్చోవడమే! ఆ సాయంకాలం మేము కీర్తించడానికి చేరినది సరిగ్గా ఆ గుణాన్నే. మరొకరు తీర్మానాన్ని బలపరిచారు. అది ఏకగ్రీవంగా నెగ్గిందని రాసుకున్నారట. నా మాట కూడా ఆ కచేరీకి చేరిన కాగితాల్లాగే ఎక్కడో చేరి ఉంటుంది. కనుక నేను బలపరచకపోవడానికి కారణం ఇక్కడ రాస్తున్నాను.

ఆయన దుర్మార్గుడు కాడు. ఈ మాట మొదటే ఒప్పుకుంటాను. లంచం పట్టే మనిషి అయితే ఆయనను గురించి రాయడం సులువుగా ఉండేది, ఇంత కోపమూ వచ్చేది కాదు. పొట్టి మనిషి, పచ్చని ఛాయ, ఎప్పుడూ ఉతికిన ఉత్తరీయం. నుదుట విభూతి చెమటకు కూడా చెదిరేది కాదు. చేతిలో వెండి పొడుం డబ్బా. పొద్దున స్నానసంధ్యలు ముగించి వీధి అరుగు మీదికి వచ్చేసరికి అక్కడ అర్జీదారులు వరుసగా కూర్చుని ఉండేవారు. కాలేజీ చదువు అయినవాళ్ళు, చదువు సగంలో ఆగినవాళ్ళు, చదువుకున్న కొడుకును వెంటబెట్టుకొని వచ్చిన రైతులు, అల్లుడి కోసం వచ్చిన మామలు. ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేవారు.

"ఏం నాయుడుగారూ, కాలవ నీళ్ళు వదిలారా మీకు? మీ పెద్దబ్బాయి జ్వరం తగ్గిందా? పాపం, మొన్న బాగా నీరసంగా కనిపించాడు."

ఇంత ప్రేమగా పలకరించిన మనిషిని, "మరి మా అర్జీ సంగతండీ?" అని అడగడానికే నోరు రాదు. వచ్చి అడిగితే పొడుం డబ్బా మూత తెరుచుకునేది. రెండు వేళ్ళతో పొడుం తీసుకోవడం, వేళ్ళ మధ్య నలపడం, ఒక ముక్కుతో పీల్చడం, కళ్ళు మూసుకోవడం, తుమ్మడం, ఉత్తరీయంతో తుడుచుకోవడం, "శివశివా" అనడం. ఇవన్నీ ముగిసేసరికి ప్రశ్న ఎక్కడో దారి తప్పేది. అప్పటికీ ఎవరైనా మొండిగా నిలబడితే, "చూద్దాం నాయనా, చూద్దాం. కాగితం చేరింది కదా. ఇక కాగితం దారి కాగితానిది" అనేవారు. ఆ 'చూద్దాం' అన్న మాటను ఆయన ఎంత దీర్ఘం తీసి, ఎంత తియ్యగా అనేవారంటే, అడిగినవాడు దండం పెట్టి వెళ్ళిపోయేవాడు, మళ్ళీ వారం వచ్చి కూర్చోవడానికి.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. మన ఇళ్ళన్నిటిలోనూ ఉన్నదే, అక్కడ మరింత పట్టింపుగా ఉండేది. లేదు అన్న మాట ఆ గడప లోపల పలకకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. వెళ్ళేవాడు వస్తాననాలి. లక్ష్మి తిరిగే ఇంట్లో లేమిని పిలవకూడదన్నది అందులోని భావం. ఇంటి బియ్యం విషయంలో ఈ మర్యాద నాకూ ఇష్టమే, ఎందుకంటే నిండుకున్నాయంటే అవి లేవని ఆ ఇల్లాలికీ తెలుసు, కొట్టువాడికీ తెలుసు. ఆయన చేసిన తప్పు ఆ ఆచారాన్ని కచేరీకి తీసుకుపోవడం. అక్కడ అర్జీదారుకు ఏ మాటకు ఏది అర్థమో తెలియదు. అతనికి చెప్పేవారూ లేరు.

ఆ వీధిలో ఆయనను నిలదీసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె కూరలమ్మే మనిషి. రోజూ ఆమెను పిలిచేవారు, తట్ట దింపించేవారు, వంకాయలు చేత్తో తిప్పి చూసేవారు, "రేపు చూద్దాంలేమ్మా" అనేవారు. ఒకనాడు ఆమె అరుగు ముందే నడుం మీద చేయి పెట్టి నిలబడింది.

"ఏవండీ పంతులుగారూ, కొంటే కొనండి, వద్దంటే వద్దనండి. ఈ రేపటికీ ఎల్లుండికీ తట్ట దింపీ ఎత్తీ నా మెడ పడిపోతందండి బాబూ! వద్దంటే నేనేమన్నా ఏడుత్తానా? పక్క వీధికి పోతాను. పొద్దెక్కితే ఈ తోటకూర మేకలు గూడా తినవు."

అరుగు మీదివాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వి, పొడుం డబ్బా తీశారు. ఆమె తట్ట నెత్తికెత్తుకొని, "అదుగో, డబ్బా తీసేరు. ఇంక మాటాడరు" అంటూ పోయింది. అరుగు మీద నవ్విన వాళ్ళలో ఒక్కరికీ ఆమె అడిగింది తమ తరఫున అడగవలసిన ప్రశ్నే అని తోచలేదు. నాకూ ఆనాడు తోచలేదు.

తోచినది సమూయేలు వల్ల.

సమూయేలు కాలేజీలో నా తోటి విద్యార్థి. వాదసభలో నేను ఏ పక్షమైతే అతను దానికి ఎదురు పక్షం. సభ ముగిశాక ఇద్దరమూ గోదావరి ఒడ్డున నడుస్తూ, విడిచిన వాదాన్ని మళ్ళీ ఎత్తుకునేవాళ్ళం. సామర్లకోట దగ్గర ఒక పల్లె అతనిది. తండ్రి ఆ పల్లెలో మిషను తరఫున క్రైస్తవ బోధ చేసే ఉపదేశి. తాత భూస్వాముల చేలలో జీవితమంతా పాలేరుతనం చేసినవాడు. చదువు ముగిసిన సంవత్సరం, నేను చెప్పిన కచేరీ తలుపుకు గుమాస్తా ఖాళీ ఒకటి ఉన్నదని నోటీసు అంటించారు. అర్హతలన్నీ సమూయేలుకు ఉన్నాయి. అతని వంటి దస్తూరీ మా తరగతిలో ఎవరికీ లేదు. పెద్ద గుమాస్తాగారు మా వీధివారు గనుక నేనే అతన్ని వెంటబెట్టుకొని అరుగు దగ్గరికి తీసుకువెళ్ళాను.

ఆయన అర్జీని రెండు చేతులా అందుకున్నారు. విప్పి చూసి, "ఆహా! ఏం దస్తూరీ నాయనా! అచ్చు గుద్దినట్టుంది" అన్నారు. మడిచి, ముందు కుడి కంటికి, తరువాత ఎడమ కంటికి అద్దుకున్నారు. అప్పుడు అడిగారు.

"ఎవరబ్బాయివి?"

"సామర్లకోట దగ్గర ఉపదేశిగారి అబ్బాయినండి. సమూయేలంటారండి."

"అలాగా, అలాగా. కూర్చో నాయనా."

సమూయేలు అరుగు చివర, ఇతరులకు కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఎవరూ అతన్ని అక్కడ కూర్చోమని చెప్పలేదు, మరోచోట కూర్చోమనీ అనలేదు. కొంతసేపటికి లోపలి నుంచి ఆ ఇంటి పెద్దావిడ, మామ్మగారు, అందరికీ మజ్జిగ తెచ్చారు. అందరికీ గ్లాసులు వచ్చాయి. సమూయేలు దగ్గరికి వచ్చేసరికి ఆమె కాస్త దూరంగా నిలబడి, చెంబు ఎత్తి పట్టారు. అతను దోసిలి పట్టి తాగాడు. నేను నా గ్లాసు కింద పెట్టేశాను.

తిరిగి వచ్చేటప్పుడు నా ఒళ్ళు మండిపోతున్నది. "ఆ మజ్జిగ ఎందుకు తాగావోయ్? లేచి వచ్చెయ్యవలసింది!" అన్నాను.

"దాహం వేసింది, తాగాను" అన్నాడు అతను నవ్వుతూ. "నువ్వు మజ్జిగ చూశావు. నేను కాగితం చూశాను. మా తాత ఒకసారి ఆ కచేరీకి సాక్ష్యానికి వెళ్ళాడట, గట్టు తగాదాలో. మెట్టెక్కనివ్వలేదు. కిందే ఎండలో నిలబెట్టి, పైనుంచి అరిచి అడిగారట. ఇవాళ ఆ కచేరీ పెద్ద గుమాస్తా నా రాతని కళ్ళకద్దుకున్నాడు. చూశావా? రెండు కళ్ళకీ! నా ఉద్యోగం ఖాయమోయ్."

అక్షరం సరస్వతి అనీ, కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటామనీ, అది కాగితానికి చేసే మర్యాదే గాని రాసినవాడికి ఇచ్చిన మాట కాదనీ నాకు తెలుసు. అతనికీ తెలుసు. కాని తన వంశంలో ఎవరి చేతి వస్తువునూ పైవారు అలా తాకగా అతను చూడలేదు. తెలిసినదానికన్నా చూసినది పెద్దదైంది.

ఆ నెలలోనే పెనుగొండ దగ్గర మిషను బడిలో ఉపాధ్యాయుని పని ఒకటి ఖాళీ అయింది. ఆ మిషను దొరగారు సమూయేలును పిలిచి, ఔనో కాదో వచ్చే ఆదివారానికి చెప్పమన్నారు. అతను వెంటనే రైలెక్కి మా ఊరు వచ్చాడు. ఇద్దరమూ అరుగు దగ్గరికి వెళ్ళాం. కచేరీకి ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడగవచ్చు. అక్కడ అర్జీదారుణ్ణి బంట్రోతు గడప దాటనివ్వడు.

సమూయేలు నిలబడే అడిగాడు. "అయ్యా, నాకు మిషను బడిలో పని ఇస్తామంటున్నారండి. ఆదివారంలోగా చెప్పాలి. ఇక్కడ లేదంటే అక్కడికి పోతాను. ఉందో లేదో ఒక్క మాట సెలవిస్తే చాలండి."

పొడుం డబ్బా మూత తెరుచుకుంది. తుమ్ము, ఉత్తరీయం, శివశివా. "తొందరెందుకు నాయనా? కాగితం చేరింది కదా."

"అంటే లేదనుకోమంటారా అండి?"

ఆయన చెవులు మూసుకున్నంత పనిచేశారు. "ఛ! పొద్దున్నే ఏం మాటలవి? అపశకునం! అలాంటి మాట అనకూడదు నాయనా. వెళ్ళిరా, వెళ్ళిరా."

వీధి మలుపు తిరగగానే సమూయేలు నా చేయి పట్టుకున్నాడు. "విన్నావా? లేదేమో అంటేనే ఆయనకి కష్టం వేసింది. ఇంకేం కావాలి?"

అతను పెనుగొండ పని వద్దన్నాడు. అది మరొకరికి ఇచ్చారు. దొరగారిని తప్పుపట్టను. ఆయన ప్రశ్న వేశారు, గడువు పెట్టారు, జవాబు తీసుకున్నారు.

ఇక్కడ పాఠకులకు ఒక విషయం చెప్పాలి. ఆ ఉదయానికే, కాదు, ఆ నోటీసు తలుపుకు అంటించక ముందే, కచేరీలో ఆ కుర్చీ మీద మనిషి ఖాయమై ఉన్నాడు. పై అధికారికి కావలసినవారి బంధువని తరువాత కచేరీవాళ్ళే చెప్పారు. నోటీసు అంటించాలని రూలు ఉన్నది గనుక అంటించారు. అర్జీలు తీసుకోవాలని ఉన్నది గనుక తీసుకున్నారు. తిరిగి జవాబు రాయాలని మాత్రం ఏ రూలులోనూ లేదట. ఈ సంగతి పెద్ద గుమాస్తాగారికి మొదటినుంచీ తెలుసు. సమూయేలు ఎదురుగా నిలబడి అడిగినప్పుడూ తెలుసు.

నాకు దసరా దాకా తెలియలేదు. అంతదాకా సమూయేలు పని లేకుండా తండ్రి ఇంట్లో ఉంటూ, వీలైనప్పుడల్లా వచ్చి అరుగు చివర కూర్చునేవాడు. ఎండాకాలం పోయింది. గోదావరి ఎర్రబడింది, వరద తీసింది. పల్లెలో జనం అతని తండ్రిని, "ఏమయ్యా ఉపదేశిగారూ, మీవాడు కచేరీలో ఎప్పుడు కూర్చుంటాడు?" అని మొదట ఆశగానూ, తరువాత వేళాకోళంగానూ అడగడం మొదలుపెట్టారట. అరుగు మీద మాత్రం ఆప్యాయతలో లోటు రాలేదు. "ఏం నాయనా, నాన్నగారు కులాసాయా?" అని ఆయన ప్రతిసారీ అడిగేవారు. దోసిట్లో మజ్జిగ పడుతూనే ఉండేది.

విజయదశమి మరునాటి ఉదయం నేను రేవులో స్నానం చేసి ఒడ్డుకు వస్తున్నాను. దిగువన రైలు వంతెన స్తంభాలు నీళ్ళలోంచి లేస్తున్న కాలం అది. పెద్ద గుమాస్తాగారు ఒక పడవ దగ్గర నిలబడి, "నాయనా, సమయానికి కనిపించావు. కాస్త చేయి సాయం పట్టు. ఇవి పడవలో పెట్టాలి" అన్నారు. పాత పంచె ముక్కల్లో కట్టిన మూటలు. ప్రతి మూట మీదా పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు.

"ఇవేమిటండి?"

"కచేరీలో పనికిరాని కాగితాలు నాయనా. మా కచేరీ దొర కాల్చెయ్యమన్నాడు. సరస్వతిని అగ్గిలో వెయ్యమంటే నాకు చేతులాడవు. అందుకని ఏటా ఇంటికి తెచ్చి, పూజలో పెట్టి, గోదారమ్మకి సమర్పిస్తాను. మా నాన్నగారు చివికిపోయిన తాటాకు గ్రంథాలకి అలా చేసేవారు."

ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవమే కలిగింది. పడవ ఎక్కాను. పడవ నడిపే సరంగు గెడ వేసి నడి ఏటికి తీసుకుపోయాడు. ఆయన ఒక్కొక్క మూటా విప్పి, కాగితాలను కళ్ళకద్దుకొని, పెదవులతో ఏదో చదువుతూ, నీళ్ళలోకి మెల్లగా వదలసాగారు. విసరలేదు. నిద్రపోయే బిడ్డను పక్క మీద పెట్టినట్టు వదిలారు. ఏ కాగితం మీద చూసినా మనవి, ప్రార్థన, విధేయుడు, చిత్తగించవలెను. అన్నీ అర్జీలే. అప్పుడు ఆ దస్తూరీ కనిపించింది. అచ్చు గుద్దినట్టున్న దస్తూరీ. దాని మూల మీద కుంకుమ బొట్టు.

"పంతులుగారూ! అది సమూయేలు అర్జీ!"

ఆయన చేయి ఆగింది. "అవును నాయనా. చక్కని దస్తూరీ. పారెయ్యాలంటే మనసొప్పలేదు."

"అంటే ఆ ఉద్యోగం?"

ఆయన నీళ్ళవైపు చూశారు. సరంగు నా వైపు చూశాడు.

"అది ఎప్పుడో అయిపోయింది కదా బాబూ" అన్నారు చివరికి.

"ఎప్పుడండి? అతను మిషను పని సంగతి వచ్చి అడిగిన రోజుకి అయిపోయిందా, లేదా?"

"వాదసభలో అడిగినట్టు అడుగుతావేం నాయనా!"

"వాదసభలో అయితే తీర్మానం నెగ్గిందో వీగిందో తలుపులు మూసేలోగా చెబుతారండి. వీగినవాడు కూడా ఇంటికెళ్ళి అన్నం తింటాడు. మీరు అతన్ని ఇన్ని నెలలు అరుగు చివర కూర్చోబెట్టారు. లేదు అని ఒక్క మాట చెప్పడానికి మీకేం అడ్డం వచ్చింది?"

ఆయనకు కోపం రాలేదు. పొడుం డబ్బా కోసం బొడ్డు తడుముకున్నారు. అది ఇంటిదగ్గర మరిచినట్టున్నారు. ఆ ఒక్కరోజే ఆయన నాతో నిజం మాట్లాడారంటే, దానికి డబ్బా లేకపోవడమే కారణమని ఇప్పటికీ నా అనుమానం.

"నేను కొత్తగా గుమాస్తా అయిన రోజుల్లో చెప్పేవాణ్ణి నాయనా. ఒకాయనకి అలాగే చెప్పాను, నీకు రాలేదయ్యా అని. మా వాకిట్లోనే కూలబడి ఏడ్చాడు, అంత మనిషి! మా ఆవిడ చూసింది. నాకు రెండురోజులు అన్నం సయించలేదు. అప్పటినుంచీ మానేశాను. ఎందుకు ఒకరిని ఏడిపించడం? నెమ్మదిమీద వాళ్ళకే తెలుస్తుంది."

"వాళ్ళు ఏడవడం మానలేదండి. మీ వాకిట్లో మానారు. వాళ్ళ ఇళ్ళల్లో ఏడుస్తున్నారు."

"రాసి ఇస్తే కారణం రాయాలి. కారణం రాస్తే పైకి అప్పీలంటారు. దొరకి చిరాకు. నోటితో చెబితే శాపనార్థాలు. ఏమీ అనకపోతే ఎవరికీ బాధ ఉండదు కదా."

"ఎవరికీ అంటే మీకూ దొరకీనా?"

ఆయన ఆ కాగితాన్ని రెండు కళ్ళకూ అద్దుకొని నీళ్ళలో వదిలారు. అది కాసేపు మడత విప్పుకొని తేలింది, సిరా నీలంగా చెదిరింది, వంతెన స్తంభం వైపు కొట్టుకుపోయింది. నేను వంగి అందుకోబోతే సరంగు, "పడవ పల్టీ కొడతదండి, కూకోండి!" అని అరిచాడు.

ఒడ్డు చేరాక, "మా సమూయేలుకి మీరే చెప్పాలండి" అన్నాను.

"నీ స్నేహితుడు కదా నాయనా. నువ్వు చెబితేనే బాగుంటుంది" అన్నారు ఆయన, తడిసిన ఉత్తరీయం పిండుకుంటూ.

ఈ మనిషిని కరుణామూర్తి అంటున్నారు. కరుణ ఎవరిమీద? కాగితం మీద ఉన్నది. సిరా మీద ఉన్నది. తన అన్నం సయించడం మీద ఉన్నది. కాగితం రాసిన చేతికి దోసిట్లో మజ్జిగ, కాగితానికి పసుపూ కుంకుమా! లేదన్న మాట వినలేనంత సుకుమారమైన చెవి, వినక తప్పని స్థితిలో ఉన్నవాడి నెలలను మాత్రం నిశ్చింతగా గోదావరిలో కలుపుతుంది. కాదన్నవాణ్ణి ఎందుకు కాదన్నావని నిలదీయవచ్చు, పై అధికారి దగ్గరికి పోవచ్చు, తిట్టుకొని మరో తలుపు తట్టవచ్చు. ఏమీ అనని వాడి మీద ఏమని అప్పీలు చేస్తాం? అర్జీదారు అడిగేది ఉద్యోగం ఒక్కటే అని కచేరీలు అనుకుంటాయి. అతను రెండు అడుగుతాడు. ఉద్యోగం ఇమ్మంటాడు, ఇవ్వకపోతే తన కాలాన్ని తనకు తిరిగి ఇమ్మంటాడు. మొదటిది ఒక్కరికే ఇవ్వగలరు. రెండోది అందరికీ ఇవ్వవచ్చు. దానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఇవ్వకుండా ఆయన సంపాదించినది నిండుగా ఉండే అరుగు. లేదన్న మాట విన్నవాడు మరునాడు రాడు కదా.

ఆ తరువాత కూడా ఆయన నన్ను చూస్తే, "ఏం నాయనా, కులాసాయా?" అనే పలకరించారు. కోపం కూడా ఒక జవాబే. అదీ ఆయన నాకు ఇవ్వలేదు.

ఆ సాయంకాలమే నేను సామర్లకోట బండి ఎక్కి సమూయేలు పల్లెకు వెళ్ళాను. అతను ప్రార్థనామందిరం వసారాలో నలుగురు పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు.

"ఆ పని లేదోయ్" అన్నాను, ఉపోద్ఘాతం లేకుండా.

"ఆయన అన్నారా?"

"ఆయన అనలేదు. నేను చూశాను."

"ఆయన అనలేదు కదా!"

ఆ మూడు మాటలు నేను మరిచిపోలేను. అంత చదివినవాడు, నన్ను ఎన్నోసార్లు వాదంలో ఓడించినవాడు, ఇంకా ఆ గడ్డిపోచ పట్టుకొనే ఉన్నాడు. నేను పడవ సంగతి అంతా చెప్పాను. కుంకుమ సంగతి, బంతిపువ్వు సంగతి కూడా. అతను చాలాసేపు పలక మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. తరువాత నవ్వాడు.

"మా వంశంలో ఎవ్వరికీ పసుపూ కుంకుమలతో గోదారి దాకా సాగనంపే యోగం పట్టలేదోయ్. నా అర్జీకి పట్టింది" అన్నాడు.

అతని తండ్రి లోపల ఉన్నారు. అంతా విన్నారని తరువాత తెలిసింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు ఆయన, "పెనుగొండకి మళ్ళీ రాసి చూడు నాన్నా" అన్నారు. పెనుగొండలో అప్పటికే మరొకరు పాఠాలు చెబుతున్నారు.

ఏడాది పైగా గడిచాక సమూయేలుకు ఉప్పాడ పక్కన సముద్రపు ఒడ్డు పల్లెలో చిన్న బడి దొరికింది. పెనుగొండ జీతమూ కాదు, పెనుగొండ ఇల్లూ కాదు. తాటాకు పాక. సముద్రం ఒడ్డును తినేస్తుంటే ఆ పాకను ఒకసారి వెనక్కి జరిపి కట్టారు. మళ్ళీ జరపాలంటున్నారు.

సంతాపసభ అయిన తరువాత నేను అక్కడికే వెళ్ళాను. పెద్ద గుమాస్తాగారు పోయారని చెప్పాను. సమూయేలు చేతిలోని పుస్తకం మూశాడు.

"అయ్యో, పాపం" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. తరువాత కళ్ళల్లో పాత వాదసభ చమక్కుతో, "మరి నా అర్జీ సంగతి ఇప్పుడెవరిని అడగాలోయ్?" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నిజానికి ఆ కచేరీ అతనికి ఇంతవరకు ఏ జవాబూ చెప్పలేదు. ఈనాటికీ అతను అక్కడి అర్జీదారే.

ఇంతలో పాక ముందుకు ఒక బెస్త స్త్రీ వచ్చి నిలబడింది. చీర చెంగు నడుముకు బిగించి, చేతిలో ఖాళీ చేపలగంప. పిల్లలు ఉండి చదువుకునే సామర్లకోట మిషను బోర్డింగులో ఈ పల్లెకు ఇచ్చిన ఒక్క చోటు తన కొడుకుకు ఇప్పించమని ఆమె అడిగి ఉన్నదట.

"పంతులుగారండీ, మావోడి సంగతేటండి?"

సమూయేలు లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అతని చేయి గుంజను గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

"మీవాడికి రాలేదమ్మా. తండ్రిలేని పిల్లాడొకడున్నాడు, వాడికిచ్చారు. నిన్న పొద్దుపోయాక కబురొచ్చింది. ఇవాళ నేనే మీ ఇంటికి వద్దామనుకుంటున్నాను."

ఆమె ముఖం కందిపోయింది. "అలా మొకం మీదే అనేత్తారేటండి! మా ఆయన్నడిగితే రేపు సూద్దారి, మాపు సూద్దారి అంటాడు. మీరూ ఓ మంచి మాటన్నా అనకూడదా?"

"ఇదే మంచి మాటమ్మా. వచ్చే ఏడు ఖాళీ వస్తే ముందు నీ గుమ్మానికే వచ్చి చెబుతాను. రాకపోతే అదీ వచ్చి చెబుతాను."

"సెప్పేరులెండి! ఇంతకాలవూ ఆశెట్టుకున్నాను. పిఠాపురం బళ్ళో మా తమ్ముడు ఎయ్యిత్తానన్నాడు, ఆడికి కబురంపాల. పొద్దు గూకే లోపల బండి దొరుకుద్దో దొరకదో!" అంటూ ఆమె గంప చంకన పెట్టుకొని గిరుక్కున తిరిగింది.

ఇసుకలో పెద్ద పెద్ద అంగలు వేస్తూ, సమూయేలును, బోర్డింగును, దొరలను పేరుపేరునా తిట్టుకుంటూ వెళ్ళింది. కాని, వెళ్ళింది.